వలసపోయిన వానికి చట్టము తోడు వచ్చునా?

మన ఊళ్లలో ఒకనికి అన్యాయము జరిగినచో పోవుటకు ఠాణా ఉన్నది, కోర్టు ఉన్నది, ఐదేండ్లకొకసారి ఓటడుగవచ్చు నాయకుడున్నాడు. అతడే కూలికై సముద్రము దాటినచో ఈ మూడును వెనుకనే నిలిచిపోవును. అక్కడి ప్రభుత్వమునకు అతడు పౌరుడు కాడు. ఇక్కడి ప్రభుత్వమునకు అక్కడ అధికారము లేదు. అతడు చిక్కుకొనిన ఆ నడిమి చోటును పూరించుటకు గడచిన నూరేండ్లలో దేశములు తమలో తాము కొన్ని కట్టుబాట్లను చేసికొనినవి. అవి ఎట్లు పుట్టినవి, ఎక్కడ పనిచేయుచున్నవి, ఎక్కడ కాగితము మీదనే నిలిచిపోయినవి, కరీంనగరము, నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల, కడప, గోదావరి జిల్లాల నుండి గల్ఫు దేశములకు పోయినవారికి అవి ఎంతవరకు అందివచ్చునవి అను సంగతులను ఇక్కడ వివరింపదలచితిమి. మా పాఠకులలో అనేకుల ఇండ్లకు ఇది దూరపు విషయము కాదని ఎరుగుదుము.

మొదట ఒక తప్పు అభిప్రాయమును తొలగించుట మంచిది. పరాయి దేశములో ప్రవేశించు హక్కు ఎవరికిని లేదు. 1948లో ఐక్యరాజ్య సమితి సాధారణ సభ ఆమోదించిన సార్వజనీన మానవ హక్కుల ప్రకటన తన 13వ అధికరణములో ప్రతి మనిషికిని ఏ దేశమునైనను, తన దేశమునైనను, విడిచిపోవు హక్కును, తన దేశమునకు తిరిగివచ్చు హక్కును చెప్పినది. ఇంకొక దేశము అతనికి తలుపు తీయవలెనని చెప్పలేదు. తీయుటయు తీయకుండుటయు ఆ దేశము ఇష్టము. ఇంటివాడు అతిథిని పిలువకపోవచ్చును; కాని లోనికి రానిచ్చిన వానిని గదిలో పెట్టి తాళము వేయుటకు వీలులేదు. 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక ప్రతి రాజ్యమును తన భూభాగములో నున్న ‘వ్యక్తులందరి’ హక్కులను కాపాడుమని కోరుచున్నదే గాని, ‘పౌరులందరి’ అని అనలేదు. ఓటు, ప్రభుత్వోద్యోగము వంటి కొన్నింటిని మాత్రమే పౌరులకు ప్రత్యేకించినది.

జాతి, మతము, రాజకీయాభిప్రాయము కారణముగా పీడింపబడుదుమను భయముతో దేశము విడిచిన శరణార్థుల సంగతి వేరు. వారికి 1951లో వేరొక ఒడంబడిక ఏర్పడినది. మేమిక్కడ చెప్పుచున్నది పొట్టకూటికై పోయినవారిని గూర్చియే.

తెలుగువారికి ఈ ప్రయాణము క్రొత్త కాదు. 1834లో ఆంగ్ల సామ్రాజ్యములో బానిసత్వము రద్దయిన పిమ్మట చెరకు తోటల దొరలకు కూలీలు కరవైరి. అప్పుడు హిందూదేశము నుండి ఒప్పంద పత్రముపై వేలిముద్ర వేయించి కూలీలను మారిషసునకు, నేటాలునకు, ఫిజీకి ఓడలలో తరలించిరి. విశాఖపట్టణము, గోదావరి ప్రాంతముల వారును వీరిలో ఉండిరి. అగ్రిమెంటు అను మాట కూలీల నోట గిర్మిటు అయినది. బర్మాకు పోయినవారు మేస్త్రీల క్రింద పోయిరి. కోరంగి రేవు నుండి ఓడలెక్కిన కారణముచేత అక్కడ తెలుగు కూలీలకు ‘కోరంగీలు’ అనియే పేరు స్థిరపడినది.

గిర్మిటులో ఘోరమైనది ఏది? కూలి తక్కువ యగుటయా? పని ఎక్కువ యగుటయా? ఇవి మన ఊళ్లలోను ఉండెను. ఘోరమైనది మరియొకటి. ఒప్పందపు గడువు ముగియకమున్ను పని మానినచో అది అప్పు ఎగవేత వంటి సివిలు వ్యవహారము కాదు, నేరము. పనికి రానివానిని మేజిస్ట్రేటు ఎదుట నిలబెట్టి జరిమానా వేయుటయు, చెరసాలకు పంపుటయు చట్టసమ్మతమై యుండెను. యజమానికి కోపము వచ్చిన పోలీసు వచ్చును. మన దేశములోనే 1859లో చేసిన పనివారి ఒప్పందభంగ చట్టము ఇట్టిదే. బయానా తీసికొని పని మానిన కూలివానిని జైలుకు పంపుటకు అది వీలు కల్పించెను. గిర్మిటు కూలీల తరలింపు 1917లో నిలిచిపోయెను. ఫిజీలో మిగిలిన ఒప్పందములు 1920 జనవరి 1వ తేదీతో రద్దయ్యెను. 1859 నాటి చట్టము 1925లో తొలగింపబడెను. ‘పని మానుట నేరము కాదు’ అను చిన్న మాటను చట్టములో ఎక్కించుటకు ఇంతకాలము పట్టినది. పాఠకులు ఈ మాటను గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. ముందు ముందు దీనితోనే పని పడును.

1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంపు కొరకు సమ్మె చేసిరి. ఓడల కంపెనీలు వారి స్థానమున బర్మీయులను పెట్టుకొనెను. సమ్మె తీరి తెలుగువారు తిరిగి పనికి రాగా, బర్మీయులను పొమ్మనిరి. రేవులో మొదలైన కొట్లాట నగరమంతయు వ్యాపించెను. అనేకులు తెలుగువారు ప్రాణములు కోల్పోయిరి. ఉభయ పక్షములును పేదలే. లాభపడినవారు ఆ వీధులలో లేరు.

దాని తరువాత సుమారు ఒక నెలకు, జూను 28వ తేదీన, జెనీవా నగరములో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన 29వ ఒడంబడికను ఆమోదించెను. రంగూను అల్లరికిని దీనికిని కార్యకారణ సంబంధము లేదు. ఇది వెట్టిచాకిరి నిషేధపు ఒడంబడిక. దీనిని వ్రాసినవారి దృష్టిలో ముఖ్యముగా నున్నది వలస రాజ్యములలో ప్రభుత్వములే ప్రజలచేత బలవంతముగా రోడ్లు వేయించుట, మూటలు మోయించుట మొదలగునవి. పరదేశపు కూలీలను గూర్చిన ఒడంబడికగా దానిని ఎవరును తలంపలేదు. అయినను అందులో వెట్టికి ఇచ్చిన నిర్వచనము చాలా విశాలమైనది. ఏదైన దండన కలుగునను బెదిరింపుతో, తనంత తాను ఇష్టపడని వానిచేత చేయించు పని ఏదైనను వెట్టియే. బెదిరించినవాడు ప్రభుత్వమా, మేస్త్రీయా, కంపెనీయా అను విచారణ అందులో లేదు. హిందూదేశము దీనిని 1954లో ఆమోదించినది. సౌదీ అరేబియా, కువైటు, బహ్రెయిను, ఖతారు, ఒమాను, ఐక్య అరబ్బు ఎమిరేట్లు అను ఆరు గల్ఫు దేశములును ఆమోదించినవి.

ఇక నేటి సంగతి. గల్ఫు దేశములలో పరదేశపు పనివానిని నియమించుకొను పద్ధతికి కఫాలా అని పేరు. కఫీలు అనగా పూచీదారు. పనివాడు ఆ దేశములో నుండుటకు యజమానియే పూచీ. వినుటకు ఇది మర్యాదగానే ఉన్నది. కాని ఆచరణలో నివాసపు అనుమతి యజమాని పేరుతో ముడిపడియుండుట వలన, ఉద్యోగము పోయిననాడు ఉండు హక్కును పోవును. పూర్వము ఈ పద్ధతిలో యజమాని అనుమతి లేనిదే వేరొక పనికి మారుటకు వీలులేకుండెను. కొన్ని దేశములలో దేశము విడిచిపోవుటకు కూడ అతని చీటి కావలసి యుండెను. జీతమియ్యలేదనియో, చెప్పిన పని వేరు, ఇచ్చిన పని వేరు అనియో ఒకడు వెడలిపోయినచో, యజమాని ‘పరారీ’ అని ఫిర్యాదు చేయును. అంతటితో ఆ మనిషి నేరస్థుడగును. దొరకినచో నిర్బంధము, పిదప తిరుగు విమానము. అట్లు దాగి దాగి పని చేసికొనువారిని మనవారు ‘ఖల్లివల్లి’ అందురు. అరబ్బీలో ఆ మాటకు ‘పోనిమ్ము’ అని అర్థము. తెలంగాణపు పల్లెలలో ఆ మాట చెప్పగానే అర్థము కాని ఇల్లు ఉండదు.

గిర్మిటునకును దీనికిని గల పోలికను మేము వేరుగ చెప్పనక్కరలేదు. దీనికి తోడు మరి రెండు ముళ్లున్నవి. మొదటిది అప్పు. వీసాకని ఏజెంటునకు ఇచ్చిన సొమ్ము వడ్డీకి తెచ్చినదై యుండును. అక్కడ నెలకు నెల గడచుచుండగా ఇక్కడ వడ్డీ పెరుగుచుండును. తిరిగి రావలెనన్నను కాలు సాగదు. రెండవది పాసుపోర్టు. దిగిన దినముననే యజమాని ‘భద్రముగా నుంచెదను’ అని దానిని తీసికొనును. ఇది చాలకాలముగా ఎంత మామూలైనదనగా, పుచ్చుకొనువానికిని ఇచ్చువానికిని అది తప్పని తోచదు. నిజమునకు పాసుపోర్టు యజమాని సొత్తు కాదు సరికదా, పట్టుకొని తిరుగువాని సొత్తు కూడ కాదు. 1967 నాటి మన పాసుపోర్టు చట్టము 17వ సెక్షను ప్రకారము అది ఎల్లప్పుడును భారత ప్రభుత్వపు సొత్తు. ఖతారులో 2015లో చేసిన చట్టము యజమాని పాసుపోర్టును పట్టియుంచినచో 25,000 రియాళ్ల వరకు జరిమానా విధించినది. వెట్టిచాకిరిని గుర్తించుటకు అంతర్జాతీయ కార్మిక సంస్థ 11 లక్షణములను చెప్పినది. గుర్తింపు పత్రములను పట్టియుంచుట, జీతము ఆపుట, అప్పుతో కట్టివేయుట అను మూడును వానిలో ఉన్నవి.

వలస కార్మికుల కొరకే ప్రత్యేకముగా వ్రాసిన ఒడంబడిక లేదా అని పాఠకులు అడుగవచ్చును. ఉన్నది. చాలా చక్కనిది. 1990 డిసెంబరు 18న ఐక్యరాజ్య సమితి సాధారణ సభ దానిని ఆమోదించెను. ఆ దినమునే నేడు అంతర్జాతీయ వలసదారుల దినముగా జరుపుచున్నారు. వలస కార్మికులందరి యొక్కయు, వారి కుటుంబముల యొక్కయు హక్కుల రక్షణకై చేసిన ఈ ఒడంబడికలో 93 అధికరణములు కలవు. పత్రములు సరిగా నున్నవారికే గాక, లేనివారికి కూడ వర్తించు హక్కులను ఒక భాగములో వేరుగ కూర్చిరి. అధికారము గల ప్రభుత్వోద్యోగి తప్ప మరెవ్వరును పాసుపోర్టును లాగికొనరాదని 21వ అధికరణము. ఒప్పందములోని పనిని నెరవేర్చలేదను ఒక్క కారణముచేత ఎవరిని చెరలో పెట్టరాదని 20వది. ఇది గిర్మిటు నాటి మేజిస్ట్రేటుకు నేరుగా ఇచ్చిన సమాధానము వలె నున్నది. గుంపుగా వెళ్లగొట్టరాదు, ప్రతివాని సంగతిని విడివిడిగ విచారింపవలెను, వెళ్లగొట్టినను రావలసిన జీతము కొరకు అడుగుకొను అవకాశము ఇయ్యవలెనని 22వది. పత్రములు లేవను సాకుతో యజమాని తన బాధ్యతలను తప్పించుకొనరాదని 25వది. పని ముగించి వచ్చునపుడు తన సంపాదనను, దాచుకొనిన సొమ్మును వెంట తెచ్చుకొనవచ్చునని 32వది. చనిపోయినవారి శరీరమును స్వదేశమునకు చేర్చుటకు రాజ్యములు సహాయపడవలెనని 71వది. ఒక శవపేటిక కొరకు వారముల కొలది ఎదురుచూచిన కుటుంబములు మన జిల్లాలలో ఎన్ని యున్నవో ఎరిగినవారికి ఈ చివరి అధికరణము విలువ తెలియును. ఇన్ని చెప్పియు, ఎవరిని లోనికి రానీయవలెనో నిర్ణయించుకొను అధికారమును 79వ అధికరణము రాజ్యములకే విడిచిపెట్టినది.

ఇంత మంచి పత్రమునకు పట్టిన గతి విచారకరము. చాలినన్ని దేశములు ఆమోదించి అది అమలులోనికి వచ్చుటకు పండ్రెండేండ్లు దాటి 2003 జూలై 1 వరకు పట్టినది. నేటికిని ఆమోదించినవి సుమారు 60 దేశములే. వానిలో అధికభాగము మనుషులను పంపు దేశములు: ఫిలిప్పీన్సు, శ్రీలంక, బంగ్లాదేశము, మొరాకో, మెక్సికో వంటివి. పనివారిని రప్పించుకొను గల్ఫు దేశములలో ఒక్కటియు లేదు. అమెరికా లేదు, పడమటి ఐరోపా ధనిక దేశములు లేవు. ఇంటివాడు రాని పెండ్లివలె నున్నది. పోనిండు, మన దేశమైనను ఉన్నదా యనిన, లేదు. ప్రపంచములో అందరికంటె ఎక్కువమందిని పరదేశములకు పంపుచున్న దేశము దానిపై సంతకము చేయకుండుట మాకు సమంజసముగా తోచదు. సంతకము చేసినచో మన గడ్డమీద కూలి చేసికొను పొరుగు దేశముల వారికి కూడ అవే హక్కులు ఇయ్యవలసి వచ్చునన్నది నిజమే. అయినను, మనము ఇయ్యదలచనిదానిని ఇతరుల నుండి గట్టిగా అడుగుట ఎట్లు?

ఈ విధముగ పేరు గల చట్టము తలుపు వద్దనే నిలువగా, పేరులేని ముసలి చట్టము వెనుక దారిని లోనికి పోయినది. ఆ కథ ఖతారుది. ఆ దేశపు పనివారిలో నూటికి తొంబదిమందికి పైగా పరదేశీయులే. 2022లో జరుగనున్న ప్రపంచ ఫుట్‌బాలు పోటీలకు క్రీడారంగములు, రోడ్లు, రైలుమార్గములు కట్టుటకు లక్షలమంది కావలసివచ్చిరి. వారిలో నేపాలీయులు, బంగ్లాదేశీయులు, మనవారు అధికము. అంతర్జాతీయ కార్మిక సంస్థకు ఒక విశేషమున్నది. తక్కిన అంతర్జాతీయ సభలలో ప్రభుత్వముల ప్రతినిధులు మాత్రమే కూర్చుందురు; ఇందులో ప్రభుత్వములతో పాటు యజమానుల ప్రతినిధులును, కార్మికుల ప్రతినిధులును కూర్చుందురు. ఒక దేశము తాను ఆమోదించిన ఒడంబడికను మీరినచో ఆ సంస్థ వార్షిక సభకు వచ్చిన ప్రతినిధి యెవరైనను ఫిర్యాదు చేయవచ్చును. 2014 జూనులో కార్మిక ప్రతినిధులు కొందరు అట్లే చేసిరి. వారు ఎత్తిచూపినది 1990 నాటి ఒడంబడికను కాదు. ఖతారు దానిని ఆమోదింపలేదు కదా. వారు చూపినది, ఖతారు 1998లో ఆమోదించిన 1930 నాటి వెట్టి నిషేధమును. పాసుపోర్టు తీసికొని, పని మారనీయక, దేశము విడువనీయక చేయించుకొనునది వెట్టి గాక మరేమి? అని వారి వాదము.

మూడేండ్లకు పైగా ఆ ఫిర్యాదు నడచినది. పోటీలు దగ్గరపడుచుండెను, లోకము కన్ను ఆ దేశము మీద ఉండెను. ఇది లేనిచో చట్టమొక్కటియే ఇంత పని చేసి యుండెడిదని మేము అనుకొనము. 2017 నవంబరులో ఖతారు సంస్కరణలకు ఒప్పుకొనగా ఫిర్యాదును ముగించిరి. మరుసటి యేడు కార్మిక సంస్థ కార్యాలయము దోహాలో తెరచిరి. 2018లో అనేకమంది పనివారికి దేశము విడుచుటకు యజమాని చీటి అక్కరలేదనిరి; 2020 జనవరిలో ఇంటిపనివారికి కూడ దానిని వర్తింపజేసిరి. అదే యేడు యజమాని అనుమతి లేకయే పని మారవచ్చునని చట్టము చేసిరి. 2021 మార్చి 20 నుండి జాతి భేదము లేక అందరికిని నెలకు 1,000 రియాళ్ల కనీస వేతనము, వసతి ఇయ్యనిచో మరి 500, భోజనము పెట్టనిచో మరి 300 రియాళ్లు అని నిర్ణయించిరి. చట్టము మారినంతనే యజమాని మనసు మారదు. జీతములు ఆపుట, పరారీ ఫిర్యాదులతో బెదిరించుట పోలేదని కార్మిక సంఘములు, మానవ హక్కుల సంస్థలు తరువాతను చెప్పుచు వచ్చినవి. అయినను, మారుటకు వీలులేదని అందరును అనుకొనిన పద్ధతి ఒకచోట చట్టరీత్యా కదలినది. దాని వెనుక నున్నది తొంబదియేండ్ల నాటి ఒక వాక్యము.

2021 మార్చిలో సౌదీ అరేబియాయు కొంత సడలించి, కంపెనీలలో పనిచేయువారికి పని మారుటకును, దేశము విడుచుటకును వీలు కల్పించెను. కాని ఆ సడలింపులో ఇండ్లలో పనిచేయువారిని, కారు డ్రైవర్లను, తోటమాలులను, గొఱ్ఱెల కాపరులను చేర్చలేదు. ఎడారిలో ఒంటెలను, గొఱ్ఱెలను కాయుటకు పోయినవారిలో మనవారును ఉన్నారు. చుట్టుప్రక్కల మనిషి లేని చోట అనుమతి యేమి, ఒప్పందమేమి!

ఇంటిపనికి పోయిన ఆడువారి సంగతి ఇంకను కష్టము. కడప, గోదావరి జిల్లాల నుండి కువైటునకు, ఇతర దేశములకు పోయినవారిలో వీరు అనేకులు. కర్మాగారమునకు ఇన్‌స్పెక్టరు రావచ్చును. ఇంటిలోనికి ఎవరు వత్తురు? చాలా దేశముల కార్మిక చట్టములు ఇంటిపనిని పని యనియే తలంపలేదు. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడికను చేసి ఈ లోపమును సవరింపబూనెను. వారమునకొక దినము సెలవు, వ్రాతపూర్వకమైన ఒప్పందము, తన పత్రములను తన వద్దనే ఉంచుకొను హక్కు అందులో ఉన్నవి. గల్ఫు దేశములు దానిని ఆమోదింపలేదు. మన దేశమును ఆమోదింపలేదు. ఇట్టిచోట పంపు దేశము పట్టుదల కొంత పనిచేయును. 2018లో ఫిలిప్పీన్సు, తన పౌరురాలు ఒకతె కువైటులో దారుణముగా చనిపోయిన పిమ్మట, అక్కడికి పనివారిని పంపుట ఆపివేసెను. కొన్ని నెలలకు రెండు ప్రభుత్వములును ఒప్పందము చేసికొనినవి. పాసుపోర్టును, ఫోనును పనివారి వద్దనే ఉండనీయవలెనని అందులో వ్రాసికొనిరి. ఫోను అను చిన్న వస్తువును రెండు రాజ్యముల ఒప్పందములో చేర్చిన ఆ ఆలోచనను మెచ్చుకొనవలెను. తలుపు వేసిన ఇంటిలో నున్న ఆడుమనిషికి ఠాణాయు, కోర్టును అదియే.

పత్రములు లేనివాని జీతమును గూర్చి ఒక వివాదము అమెరికా ఖండములో జరిగినది. అది మన ఖల్లివల్లి వారికిని ఉపయోగపడునట్టిది. పత్రములు లేని ఒక మెక్సికో దేశస్థుడు అమెరికాలోని కర్మాగారములో పనిచేయుచుండెను. సంఘము పెట్టుకొనుటకు తోడ్పడెనని యజమాని అతనిని తొలగించెను. ఆ తొలగింపు చట్టవిరుద్ధమే. అయినను, అతనికి పత్రములు లేవు గనుక తొలగించిన తరువాతి కాలపు జీతము ఇప్పింపజాలమని 2002 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో తీర్పు చెప్పెను. మెక్సికో ప్రభుత్వము ఊరకుండలేదు. కొద్ది కాలములోనే కోస్టారికాలోని అమెరికా ఖండముల మానవ హక్కుల న్యాయస్థానము అభిప్రాయమును అడిగెను. 2003 సెప్టెంబరులో ఆ న్యాయస్థానము ఇట్లు చెప్పెను: దేశములోనికి వచ్చిన తీరు సరియైనదా కాదా యనునది వేరు, పనిలో పెట్టుకొనిన పిమ్మట పనివానికి పుట్టు హక్కులు వేరు, పత్రములు లేకున్నను అవి అతనికి కలవు. ఇది సలహా మాత్రమే, ఆ ఖండమునకు చెందినది మాత్రమే. కాని అందులోని తర్కమునకు ఎల్లలు లేవు. పత్రములు లేనివానికి జీతమియ్యనక్కరలేదనినచో, యజమానులు పత్రములు లేనివారినే వెదకి పెట్టుకొందురు.

అరెస్టు అయినవానికి మరియొక హక్కు ఉన్నది. 1963 నాటి వియన్నా కాన్సులరు ఒడంబడిక 36వ అధికరణము ప్రకారము పరదేశీయుని నిర్బంధించినప్పుడు, అతడు కోరినచో, ఆ సంగతిని అతని దేశపు కాన్సులునకు ఆలస్యము చేయక తెలుపవలెను. అట్టి హక్కు ఉన్నదని అతనికి చెప్పవలసిన బాధ్యతయు అధికారులదే. దీనిని మీరినందుకు 2004లో అంతర్జాతీయ న్యాయస్థానము అమెరికాను తప్పుపట్టెను; మరణశిక్ష పడిన 51 మంది మెక్సికనుల విషయములో అమెరికా అధికారులు ఆ మాట వెంటనే చెప్పలేదని తేలెను. గల్ఫు దేశములును ఈ ఒడంబడికకు బద్ధములే. కావున భాష రాని చోట పోలీసులు పట్టుకొనినచో తెలిసియుండవలసిన వాక్యము ఒక్కటియే: ‘మా ఎంబసీకి తెలుపుడు.’ ఏమి వ్రాసియున్నదో తెలియని అరబ్బీ కాగితము మీద సంతకము దాని తరువాతి సంగతి.

ఇక ఇంటి నుండి బయలుదేరకముందు. 1983 నాటి మన వలస చట్టము ప్రకారము విదేశములకు పనివారిని పంపు ఏజెంటు ప్రభుత్వము వద్ద రిజిస్టరు కావలెను. అట్టి ఏజెంటు పనివాని నుండి తీసికొనదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను, అంతకు మించరాదు. లక్షలు అడుగువాడు చట్టమును మీరుచున్నాడని తెలియుటకు ఇంతకంటె గుర్తు అక్కరలేదు. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫు మొదలైన 18 దేశములకు పనికై పోవుటకు వలసదారుల సంరక్షకాధికారి అనుమతి కావలెను. హైదరాబాదులో ఆ కార్యాలయము ఉన్నది. ఆ అనుమతితో పాటు ప్రవాసి భారతీయ బీమా చేయుదురు. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు కట్టినచో, ప్రమాదములో మరణించిన వాని కుటుంబమునకు 10 లక్షలు వచ్చును. ఊరిలోని దళారి ‘ఇవన్నియు ఎందుకు, విజిటు వీసా మీద పొండు, అక్కడ మార్చుకొనవచ్చును’ అనును. విజిటు వీసా మీద పోయినవాడు లెక్క ప్రకారము చుట్టపుచూపుగ పోయినవాడు. అతనికి ఒప్పందము లేదు, బీమా లేదు, ప్రభుత్వపు పుస్తకములో అతని పేరు లేదు. మేము పైన వివరించిన హక్కులు మనిషిగా అతనికిని కలవు. కాని వానిని చూపి అడుగుటకు అతని చేతిలో ఆధారముండదు.

కావున పాసుపోర్టు, వీసా, ఉద్యోగ ఒప్పందము, ఏజెంటునకు సొమ్మిచ్చిన రశీదు, వీని నకళ్లను ఒక కట్ట ఇంటివద్ద ఉంచి పోవలెను. జీతము బ్యాంకు ద్వారా పడునట్లు చూచుకొనినచో, పడని నెల యేదో బ్యాంకు కాగితమే చెప్పును. 2020లో కరోనా వ్యాధి కాలమున వేలమంది జీతములు రాకయే విమానములెక్కి రావలసివచ్చినది. వారిలో అనేకులకు రావలసిన సొమ్మెంతయో నోటిమాటయే గాని వ్రాతలో లేకపోయెను. తిరిగి వచ్చిన పిదపను అక్కడి కార్మిక న్యాయస్థానములో దావా నడపుటకు మార్గమున్నది. బయలుదేరకమున్నే ఎంబసీలో అధికార పత్రము వ్రాసియిచ్చినచో, అతని తరఫున మరియొకరు దావా నడుపవచ్చును. ఏజెంటు రిజిస్టరు అయినవాడో కాడో ఈ-మైగ్రేటు అను ప్రభుత్వపు వెబ్‌సైటులోని పట్టికను చూచి సొమ్ము ఇయ్యకముందే తెలిసికొనవచ్చును.